మంచి ఆట తీసినందుకు ఇదా బహుమతి?

వీడియో గేమ్ కంపెనీలు కొత్తగా ఏదైనా చేయండి అంటాయి. చేస్తే స్టూడియో తలుపులు మూసేస్తాయి. ఇదెక్కడి న్యాయం?

జపాన్ స్టూడియో టాంగో గేమ్‌వర్క్స్ 2023లో హై-ఫై రష్ అనే గేమ్ తెచ్చింది. అందులో హీరో అడుగులు, చుట్టూ ఉన్న యంత్రాలు, చెట్లు, అన్నీ పాట తాళానికే కదులుతాయి. తాళం తప్పకుండా బటన్ నొక్కితే దెబ్బకు బలం పెరుగుతుంది. ఎంత మంచి ఆలోచన! 2024 ఏప్రిల్‌లో యానిమేషన్‌కి బ్రిటన్‌వాళ్లిచ్చే బాఫ్టా అవార్డు వచ్చింది. నెల తిరక్కుండానే దాని యజమాని మైక్రోసాఫ్ట్ ఆ స్టూడియోని మూసేస్తున్నామంది. ఒళ్లు మండిపోయింది నాకు. యాక్టివిజన్ బ్లిజార్డ్ అనే పెద్ద గేమ్ కంపెనీని కొనడానికి దాదాపు 6,900 కోట్ల డాలర్లు దొరికాయి, వీళ్ల జీతాలకు దొరకలేదా? ఆ కొనుగోలు పూర్తయి మూడు నెలలు దాటగానే గేమింగ్ విభాగంలో 1,900 మందిని తీసేశారు కూడా. తర్వాత కొరియా గేమ్ కంపెనీ క్రాఫ్టన్ ముందుకొచ్చి టాంగోని తీసుకుంది కాబట్టి సరిపోయింది. రాకపోతే?

ఈ కంపెనీలకు రిస్క్ వద్దట. అందరూ నడిచిన దారే మేలట. మరి సోనీ తెచ్చిన కాంకార్డ్ గేమ్ సంగతేంటి? అప్పటికే మార్కెట్ నిండా ఉన్న హీరో షూటర్లలో (ఒక్కో శక్తి ఉన్న హీరోని ఎంచుకుని కాల్చుకునే ఆటల్లో) ఇంకొకటి. 2024 ఆగస్టు 23న విడుదల, సెప్టెంబరు 6న సర్వర్లు బంద్. రెండు వారాలు! ఏళ్ల తరబడి పనిచేసినవాళ్ల స్టూడియో కూడా మూతపడింది. పాత దారిలోనూ డబ్బు పోతోంది కదా, ఇంకా ఎందుకీ భయం?

మనకేమో ఆడిన ఆటలే మళ్లీ. ద లాస్ట్ ఆఫ్ అస్ అనే గేమ్ 2013లో వచ్చింది, 2014లో మెరుగులు దిద్దుకుని వచ్చింది, 2022లో మళ్లీ వచ్చింది. అప్పుడు ధర 70 డాలర్లు. ఒకే కథకి ఎన్నిసార్లు డబ్బులు కట్టాలి?