క్లార్క్‌కు ముందు ఏముందంటారా? వినండి

ప్రతి మార్చిలోనూ మా వాట్సాప్ గ్రూపుల్లో ఒక మాట తిరుగుతుంది. ఇక్కడ అమెరికాలో ఆ నెలంతా కాలేజీ బాస్కెట్‌బాల్ పండగే కాబట్టి, అమ్మాయిల టోర్నమెంట్ గురించీ చర్చ వస్తుంది. ఎవరు రాసినా సారం ఒకటే: "కైట్లిన్ క్లార్క్ రాకముందు అమ్మాయిల కాలేజీ బాస్కెట్‌బాల్‌లో గుర్తుపెట్టుకునే ఆటే లేదు. ఎప్పుడూ కనెక్టికట్ టీమే గెలిచేది, టెన్షన్ అనేదే ఉండేది కాదు. చివరి సెకన్లో ఎప్పుడైనా బాల్ పడితే అది అదృష్టం. డంకులు ఉండవు, స్పీడు ఉండదు. అందుకే ఎవరూ చూడలేదు."

క్లార్క్ అంటే నాకు ప్రాణం. అయోవా యూనివర్సిటీకి ఆడిన నాలుగేళ్లలో ఆమె ఆటలు వీలైనన్ని చూశాను. ఆమెను మెచ్చుకోవడానికి ఆమెకు ముందున్నవాళ్లందరినీ చెరిపేయాలా అన్నదే నా బాధ. మా అమ్మాయి ఎనిమిదో తరగతి, స్కూల్ బాస్కెట్‌బాల్ టీమ్‌లో గార్డ్, అంటే బాల్ నడిపించే ప్లేయర్. ఈ మాట ఎక్కడో విని వచ్చి, "అమ్మా, అంతకుముందు నిజంగా ఎవరూ లేరా?" అని అడిగింది. దానికి చెప్పిన జవాబే ఇక్కడ రాస్తున్నాను, ఒక్కో మాటా తీసుకుని.

"గుర్తుపెట్టుకునే ఆటే లేదు"

1994 ఏప్రిల్ 3. వర్జీనియా రాష్ట్రం రిచ్‌మండ్‌లో ఫైనల్. లూసియానా టెక్ 59, నార్త్ కరోలినా 57. బాల్ కోసం ఇద్దరు పెనుగులాడి ఇద్దరూ గట్టిగా పట్టేసుకోవడంతో ఆట ఆగింది. బాల్ నార్త్ కరోలినాకు వచ్చింది. గడియారంలో మిగిలింది 0.7 సెకన్లు.

అది ఎంత సమయమో మాటల్లో చెబితే తెలియదు. లైన్ బయటినుంచి విసిరిన బాల్ కోర్టులో ఉన్న ప్లేయర్ చేతికి తగలగానే గడియారం కదులుతుంది. అక్కడినుంచి పట్టుకోవడం, కాళ్లు సర్దుకోవడం, ఎగరడం, వదలడం, అన్నీ ఆ 0.7 సెకన్లలోనే అయిపోవాలి. డ్రిబ్లింగ్ ఊసే ఎత్తకూడదు. రింగ్ దగ్గర రెండు పాయింట్లు వేస్తే స్కోరు సమమై ఆట ఓవర్‌టైమ్‌కు వెళ్తుంది. ఎవరైనా ముందు ఆలోచించేది అదే. నార్త్ కరోలినా కోచ్ సిల్వియా హాచెల్ మాత్రం టైమౌట్ తీసుకుని, గెలుపుకే వెళ్దామని త్రీ పాయింటర్‌కు, అంటే దూరంగా ఉన్న గీత బయటినుంచి వేసే మూడు పాయింట్ల షాట్‌కు, ప్లాన్ గీసింది. స్టెఫానీ లారెన్స్ బయటినుంచి పాస్ ఇచ్చింది. షార్లట్ స్మిత్ కుడివైపు త్రీ పాయింట్ లైన్ బయట అందుకుని, అందుకున్న ఊపులోనే వదిలేసింది. బజర్ మోగేటప్పటికి బాల్ గాల్లో ఉంది. 60-59.

ఆ ఒక్క షాట్‌తోనే ఆమె గొప్పదైపోలేదు. ఆ రోజు స్మిత్ 20 పాయింట్లు, 23 రీబౌండ్లు చేసింది. ఫైనల్లో 23 సార్లు, షాట్ మిస్సయి వెనక్కొచ్చిన బాల్‌ను అందరికన్నా ముందు అందుకున్న మనిషి, ఆఖర్న ఆ షాట్ కూడా తనే వేసింది. మా అమ్మాయికి ఈ వీడియో చూపిస్తూ బాల్ చేతికి అందిన చోట ఆపాను. ఫోన్ నా చేతిలోంచి లాక్కుని, వేలితో ముందుకీ వెనక్కీ జరుపుకుంటూ ఆరేడుసార్లు చూసింది. "పట్టుకోకముందే మోకాళ్లు వంచేసింది చూడమ్మా" అంది. అంతకుముందు పదిసార్లు చూసినా నేనది గమనించనేలేదు.

క్లార్క్ పుట్టింది 2002లో.

"ఎప్పుడూ కనెక్టికట్టే, టెన్షన్ ఉండదు"

ఇందులో సగం నిజం ఉంది, ఒప్పుకుంటాను. జీనో ఆరియెమ్మా కోచ్‌గా నడిపే కనెక్టికట్ యూనివర్సిటీ టీమ్ 2013 నుంచి 2016 వరకు వరసగా నాలుగు టైటిల్స్ కొట్టింది. కానీ ఆ తర్వాత ఏం జరిగింది? 2017లో సౌత్ కరోలినా, 2018లో నోటర్ డేమ్, 2019లో బేలర్ గెలిచాయి. 2020లో కోవిడ్ వల్ల టోర్నమెంటే జరగలేదు. 2021లో స్టాన్‌ఫర్డ్, 2022లో మళ్లీ సౌత్ కరోలినా, 2023లో ఎల్ఎస్‌యూ, 2024లో మరోసారి సౌత్ కరోలినా. కనెక్టికట్‌కు మళ్లీ కప్పు దక్కింది 2025లోనే.

పోనీ, ఆ టీమ్ మంచి ఊపు మీదున్న రోజులే చూద్దాం. 2017 మార్చి 31, డల్లాస్‌లో సెమీఫైనల్. కనెక్టికట్ వరసగా 111 ఆటలు గెలిచి వచ్చింది. ఎదురుగా ఉన్న మిసిసిపి స్టేట్ ఏడాది క్రితం ఇదే కనెక్టికట్ చేతిలో 98-38తో, అంటే 60 పాయింట్ల తేడాతో చిత్తుగా ఓడింది. ఈసారి ఆట ఓవర్‌టైమ్‌కు వెళ్లింది. 64-64. ఆఖరి క్షణాల్లో బాల్ మోర్గన్ విలియం చేతిలో ఉంది. ఆమె ఎత్తు ఐదడుగుల ఐదంగుళాలు, మన వీధిలో కనిపించే మామూలు అమ్మాయి ఎత్తే. దూసుకుంటూ వెళ్లి, టక్కున ఆగి, తనకన్నా పొడుగాటి డిఫెండర్ చేతుల మీదుగా షాట్ వదిలింది. బజర్ మోగింది, బాల్ పడింది. 66-64. రెండేళ్లకు పైగా ఓటమి ఎరగని టీమ్ ఓడిపోయింది. కనెక్టికట్ అంత బలంగా ఉండబట్టే ఆ ఆట అంత పెద్దదైంది. గొలుసు పొడుగ్గా ఉన్నప్పుడే కదా అది తెగిన చప్పుడు గట్టిగా వినిపించేది.

ఇంకా వెనక్కి వెళ్తే 2001 మార్చిలో బిగ్ ఈస్ట్ అనే కాలేజీల కూటమి టోర్నమెంట్ ఫైనల్ ఉంది. నోటర్ డేమ్ టీమ్‌లో సెంటర్‌గా, అంటే రింగ్ దగ్గర ఆడే రూత్ రైలీ ఒక ఫ్రీ త్రో (ఫౌల్ అయినప్పుడు అడ్డం లేకుండా వేయనిచ్చే షాట్) వేసి స్కోరు సమం చేసి, రెండోది మిస్ చేసింది. 76-76. మిగిలింది ఐదు సెకన్లు. కనెక్టికట్ గార్డ్ స్యూ బర్డ్ కోర్టు ఈ చివరినుంచి ఆ చివరికి పరుగెత్తి, ఆ రైలీ చేతుల మీదుగానే షాట్ వేసి గెలిపించింది. నెల తిరక్కుండానే అదే నోటర్ డేమ్ సెమీస్‌లో కనెక్టికట్‌ను ఓడించి కప్పు ఎత్తుకుపోయింది. ఫైనల్లో గెలిపించిన ఫ్రీ త్రోలు వేసింది కూడా అదే రైలీ.

ఇక 1998 సంగతి. సీడ్ అంటే టోర్నమెంట్ ముందు టీముల బలాన్ని బట్టి ఇచ్చే స్థానం. మొదటి సీడ్ స్టాన్‌ఫర్డ్‌ను, దాని సొంత కోర్టులోనే, పదహారో సీడ్ హార్వర్డ్ 71-67తో ఓడించింది. ఆలిసన్ ఫీస్టర్ 35 పాయింట్లు చేసింది. స్టాన్‌ఫర్డ్‌కు ఇద్దరు కీలక ప్లేయర్లు మోకాలి గాయాలతో దూరమయ్యారు, నిజమే. అయినా పదహారో సీడ్ ఒకటో సీడ్‌ను ఓడించడం అబ్బాయిల టోర్నమెంట్‌లో అప్పటిదాకా జరగలేదు. అక్కడ జరగడానికి ఇంకో ఇరవై ఏళ్లు, అంటే 2018 దాకా పట్టింది.

"చివరి సెకన్లో పడితే అదృష్టం"

ఈ మాటే నన్ను ఎక్కువ బాధపెట్టింది. దీనికి అరీకే ఓగున్‌బొవాలే కథ ఒక్కటి చాలు.

2018, ఒహాయో రాష్ట్రం కొలంబస్. ఆ సీజన్లో నోటర్ డేమ్‌లో నలుగురు ప్లేయర్లు మోకాలి లిగమెంట్ తెగి ఆటకు దూరమయ్యారు. మిగిలిన కొద్దిమందితోనే కోచ్ మఫెట్ మెక్‌గ్రా సెమీస్ దాకా లాక్కొచ్చింది. అక్కడ ఓడిపోని కనెక్టికట్ మీద, ఓవర్‌టైమ్‌లో, ఒక సెకను ఉందనగా ఓగున్‌బొవాలే షాట్ వేసి 91-89తో గెలిపించింది. సరే, అదృష్టమే అనుకుందాం. రెండు రోజుల తర్వాత ఏప్రిల్ 1, ఫైనల్. మిసిసిపి స్టేట్ మీద ఒక దశలో 15 పాయింట్లు వెనకబడి, చివరికి 58-58కి తెచ్చుకున్నారు. మూడు సెకన్లున్నాయి. జాకీ యంగ్ పాస్ ఇచ్చింది. ఓగున్‌బొవాలే కుడివైపు లైన్ బయటికి పరుగెడుతూనే, బ్యాలెన్స్ సరిగ్గా లేకుండానే త్రీ వేసింది. బాల్ పడేటప్పటికి గడియారంలో 0.1 సెకను. 61-58.

మూడు రోజుల్లో రెండుసార్లు, అదీ దేశంలోనే పెద్ద వేదిక మీద, అదే చేతితో. మన ఊళ్లలో కబడ్డీ చూసినవాళ్లకు తెలుసు: ఆఖరి రైడ్‌కు అందరూ వెళ్లరు. వెళ్లేవాళ్లు వేరే ఉంటారు, వాళ్లనే పంపిస్తారు.

మరుసటి ఏడు ఫైనల్ కూడా చెప్పకపోతే నేను సగమే చెప్పినట్టు. 2019, టాంపా. బేలర్ 82, నోటర్ డేమ్ 80. 1.9 సెకన్లు ఉండగా ఓగున్‌బొవాలేకు రెండు ఫ్రీ త్రోలు వచ్చాయి. ఎదురుగా అడ్డం ఎవరూ లేరు, తొందర లేదు, పదిహేను అడుగుల దూరం. మొదటిది మిస్ అయింది. రెండోది పడింది. 82-81తో బేలర్ గెలిచింది. ఆ రోజు ఆమె చేసినవి 31 పాయింట్లు. అంతటి మనిషికి కూడా ఆ క్షణంలో చెయ్యి ఒక వెంట్రుకవాసి అటూ ఇటూ అవుతుంది. అంత కష్టమైన పని అది. ముందు ఏడాది పడ్డ రెండు షాట్ల విలువ నాకు ఈ మిస్ చూశాకే పూర్తిగా అర్థమైంది.

నిజంగా అదృష్టం కలిసొచ్చినవీ ఉన్నాయి, కాదనను. 2024 మార్చిలో ఎస్ఈసీ అనే కాలేజీల కూటమి టోర్నమెంట్ సెమీస్‌లో సౌత్ కరోలినా సెంటర్ కమీలా కార్డోసో టెనెసీ మీద ఆఖరి సెకన్లో త్రీ వేసింది. ఆరడుగుల ఏడంగుళాల ఆ అమ్మాయి కాలేజీ ఆటలో అంతకుముందు ఒక్క త్రీ కూడా వేయలేదు. బోర్డుకు తగిలి పడింది. 74-73. ఆ ఏడాది సౌత్ కరోలినా ఒక్క ఆటా ఓడకుండా 38-0తో కప్పు గెలిచిందంటే ఆ బోర్డు పుణ్యం కూడా కొంత ఉంది. అదృష్టమే అనుకున్నా, మరిచిపోయేదైతే కాదుగా.

"డంకులు ఉండవు, స్పీడు ఉండదు"

డంకులు, అంటే ఎగిరి బాల్‌ను చేత్తోనే రింగులోకి కొట్టడం, తక్కువ, నిజమే. లేవనడం అబద్ధం. 1984 డిసెంబర్ 21న వెస్ట్ వర్జీనియా టీమ్ ప్లేయర్ జార్జియన్ వెల్స్ ఎల్కిన్స్ అనే చిన్న ఊళ్లో మొట్టమొదటి డంక్ చేసింది. టీవీ లేదు, జనం కొద్దిమందే. ఎదుటి టీమ్ వాళ్లు తీసుకున్న వీడియో ఒక్కటే సాక్ష్యం, అదీ 2009లో గానీ బయటికి రాలేదు. పాతికేళ్ల పాటు ఆ అమ్మాయి చేసిన పనిని చూసినవాళ్లు చెబితే నమ్మాల్సిందే. అబ్బాయి చేసి ఉంటే ఆ టేపు అన్నేళ్లు అలమరలో పడి ఉండేదా? రెండో డంక్ చేసింది ఎవరనుకున్నారు? 1994 డిసెంబర్‌లో, పైన చెప్పిన షార్లట్ స్మిత్. 2006లో టెనెసీ ప్లేయర్ క్యాండేస్ పార్కర్ ఒకే టోర్నమెంట్ ఆటలో రెండు చేసింది.

స్పీడు మాటకొస్తే, అబ్బాయిల కాలేజీ ఆటలో అసలు షాట్ క్లాక్, అంటే ఇన్ని సెకన్లలో షాట్ వేసి తీరాలన్న గడువు, వచ్చిందే 1985-86లో, అదీ 45 సెకన్లు. వాళ్లు 30 సెకన్లకు దిగింది 2015-16లో. అమ్మాయిలు అంతకు దశాబ్దాల ముందునుంచే 30 సెకన్లలో షాట్ వేస్తున్నారు.

"అందుకే ఎవరూ చూడలేదు"

చూడలేదా, చూపించలేదా? 1998 జనవరిలో నాక్స్‌విల్‌లో టెనెసీ, కనెక్టికట్ ఆటకు 24 వేల మందికి పైగా జనం వచ్చారు. చూడాలన్న ఆశ లేక కాదన్నమాట. కానీ 1995 ఫైనల్ తర్వాత మళ్లీ 2023 దాకా అమ్మాయిల ఫైనల్ కేబుల్‌లో తప్ప మామూలు నెట్‌వర్క్ టీవీలో రాలేదు. 'మార్చ్ మ్యాడ్‌నెస్' అన్న పేరు అమ్మాయిల టోర్నమెంట్‌కు పెట్టుకోనిచ్చింది 2022లో. అంతకు ముందు ఏడాది శాన్ ఆంటోనియోలో జరిగిన టోర్నమెంట్‌లో అమ్మాయిలకు ఇచ్చిన జిమ్ అంటే ఒక చిన్న స్టాండులో డంబెల్స్, కొన్ని యోగా మ్యాట్లు. అబ్బాయిలకు హాలు నిండా పరికరాలు. సెడోనా ప్రిన్స్ అనే ప్లేయర్ వీడియో తీసి పెడితేనే ఆ తేడా లోకానికి తెలిసింది. 2024లో నెట్‌వర్క్ టీవీలో చూపించారు, క్లార్క్ ఆడింది, ఫైనల్ సగటున 1 కోటీ 89 లక్షల మంది చూశారు. అబ్బాయిల ఫైనల్‌కు 1 కోటీ 48 లక్షలు. అందులో క్లార్క్ వాటా చాలా పెద్దది. చూపించడం వాటా కూడా తక్కువేం కాదు.

ఇంకొక్క విషయం. 2024 ఫిబ్రవరిలో, కెల్సీ ప్లమ్ అనే ప్లేయర్ పేరు మీదున్న 3,527 పాయింట్ల రికార్డును క్లార్క్ దాటగానే, అమ్మాయిల్లో ఇప్పటిదాకా ఇదే ఎక్కువ అని రాసేశారు. అప్పటికి ఎక్కువ పాయింట్లు చేసిన అమ్మాయి ఇంకొకరున్నారు. కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ ఎన్‌సీఏఏ అమ్మాయిలకు ఛాంపియన్‌షిప్ పెట్టింది 1982లో. అంతకుముందు వేరే సంస్థ కింద ఆడినవాళ్ల లెక్క దాని పుస్తకంలో లేదు. ఆ పుస్తకంలో లేని పేరు లినెట్ వుడార్డ్. కాన్సస్ యూనివర్సిటీ, 1977 నుంచి 1981 వరకు. అబ్బాయిలు వాడే పెద్ద బాల్‌తో ఆడింది, అప్పటికి త్రీ పాయింట్ లైన్ గీయనే లేదు. 3,649 పాయింట్లు.