నా గుంట, వాటి పంట

పెరటి తోట మనసుకు నెమ్మది ఇస్తుందని చెప్పేవాళ్లంతా అపార్ట్‌మెంట్లలోనే ఉంటారు. నిరుడు ఎండాకాలం దాకా హనుమకొండలో మూడో అంతస్తులో కూచుని నేనూ ఆ మాట చెప్పినవాణ్ణే. రిటైరయ్యాక వర్ధన్నపేట అవతల మా ఊళ్లో ఉన్న తాతల నాటి పెంకుటిల్లు గుర్తొచ్చింది. దానికి సున్నం కొట్టించి, వెనక ఉన్న గుంట జాగాలో తోట పెట్టాను. గుంట అంటే 121 గజాలు, ఎకరంలో నలభయ్యో వంతు. ఇంత చిన్న రాజ్యానికి ఇంత పరిపాలన ఉంటుందని ఎవరూ చెప్పలేదు.

ముందు హక్కుల సంగతి. పాత పహాణీలో, అంటే ఊరి భూముల రికార్డులో, పట్టాదారుకు ఒక గడి, భూమిని సాగుచేసుకునే అనుభవదారుకు ఒక గడి ఉండేవి. 2020లో భూరికార్డుల పోర్టల్ ధరణి వచ్చినప్పుడు అనుభవదారు గడి ఎత్తేశారు. కౌలుదార్లకు అన్యాయం జరిగిందని చాలామంది మాట్లాడారు గానీ కోతుల తరఫున ఒక్కరూ నోరు విప్పలేదు. (మా పెరడు గ్రామకంఠం, అంటే ఊళ్లో ఇళ్ల జాగా, పహాణీకి ఎక్కేదే కాదు. అయినా న్యాయం న్యాయమే.) ఈ గుంటకు పట్టాదారును నేను. అనుభవదార్లు పిల్లాజెల్లాతో కలిపి ముప్పై దాకా ఉంటారు. పొద్దున ఏడు కొట్టంగనే గోడ మీదుగా డ్యూటీకి దిగుతారు. నా సర్వీసు మొత్తంలో నేను ఆఫీసుకు అంత టైముకు పోయింది లేదు.

కోతి తోటను పాడుచేస్తుందని లోకం అంటుంది. అది అపవాదు. కోతి తనిఖీ చేస్తుంది. జామచెట్టుకు నలభై పిందెలుంటే నలభైనీ ఒక్కో కాటు కొరికి, పండలేదని తేల్చి, కింద పడేస్తుంది. ముప్పై తొమ్మిది పచ్చివే కదా, నలభయ్యోది కూడా అంతేలే అని వదిలిపెట్టదు. మా ఆఫీసుకు వచ్చే ఆడిట్ వాళ్లు పై ఫైలు తెరిచి, చాయ్ తాగి, కింది కట్టంతటికీ సంతకం పెట్టేవాళ్లు.

మిరుగం (మృగశిర కార్తె) నాడు బీర, చిక్కుడు, బెండ గింజలు పెట్టాను. పశువుల ఎరువు తోలించాను. వెదురు బొంగులతో పందిరి వేయించాను. బెండకు పల్లాకు తెగులు వచ్చింది. ఆకుల ఈనెలు పసుపు పచ్చగా మారి, కాయలు పాలిపోతాయి. తెల్లదోమ మోసుకొచ్చే వైరస్ అది. లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బునీళ్లు కలిపి కొట్టాను. దోమ తగ్గింది గానీ ఒకసారి పట్టిన మొక్కకు మందు లేదు, పీకి పారేయాల్సిందే. నేను పీకుతుంటే గోడ మీద కూచున్న పెద్దకోతి, తన ఆస్తిని ధ్వంసం చేస్తున్నానన్నట్టు నన్ను చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేను.

బీర మాత్రం బాగా వచ్చింది. మొదటి కాయ జానెడు పెరిగింది. రేపటికి ఇంకో రెండు వేళ్లు సాగుతుందని ఆశపడ్డది నేనే. మర్నాడు పొద్దున తీగకు తొడిమె ఒక్కటే ఉంది.

2015లో మొక్కలు నాటే హరితహారం మొదలైనప్పుడు, 'వానలు వాపస్ రావాలె, కోతులు వాపస్ పోవాలె' అని అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ నినాదం ఇచ్చారు. వానలకు ఆ కబురు అందినట్టే ఉంది, రెండేండ్లకోసారి పందిరి కూలేంత వస్తున్నాయి. కోతులకు మాత్రం నోటీసు సర్వ్ కాలేదు. 2022లో సిద్దిపేట జిల్లా కోహెడలో ఒక రైతు రోజుకు 500 రూపాయలిచ్చి మనిషికి ఎలుగుబంటి వేషం వేయించి చేనుకు కాపలా పెట్టాడు. నాకు అంత స్తోమత లేదు, నేనే వేసుకుందామనుకున్నాను. మా ఆవిడ నన్ను కింది నుంచి మీది దాకా చూసి, "ఏషం ఎందుకు, మీరు గట్లనే నిలవడుండ్రి, సాలు" అంది. నాలుగు రోజులు నిలబడ్డాను. ఐదో రోజుకు అవి నాకు అలవాటు పడ్డాయి, నేనూ వాటికి.

అప్పుడు నా బుర్రలో మిర్చి వెలిగింది. కారం ముందు కోతి ఎంత! అందరూ వేసే రకమైతే మజా ఏముందని, మన జిల్లా గౌరవం కదా అని, 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చిన చపాటా మిర్చి నారు తెచ్చి నాటాను. టమాటాలాగా గుండ్రంగా, నిగనిగలాడే ఎరుపు. చపాటాకు పేరు తెచ్చింది రెండే గుణాలు: రంగు ఎక్కువ, కారం తక్కువ. ఈ రెండో గుణాన్ని నేను కాయలు పండిన తర్వాత గుర్తు చేసుకున్నాను. కోతులు దాన్ని అంతకు ముందే కనిపెట్టాయి. వరంగల్ ఎనుమాముల మిర్చి మార్కెట్లో కూడా అంత నిక్కచ్చిగా ఏరరు. ఎర్రకాయ బుగ్గలోకి, తాలుకాయ నా వైపుకు.

మా తాత కాలంలో ఇంట్లో జీతగాడు ఉండేవాడు. చేసిన చాకిరికి ఏడాదికి ఇన్ని వడ్లని కొలిచేవాళ్లు. ఇప్పుడు ఆ ఇంట్లో జీతగాణ్ణి నేనే. విత్తనం నాది, ఎరువు నాది, నీళ్ల మోటరు కరెంటు నాది, కొలిచేది తాలుకాయలు. కోతుల్ని అడవికి పంపమని నేను ప్రభుత్వాన్ని అడగను, వాటితో నాకొక ఒప్పంద పత్రం రాయించమని అడుగుతున్నాను. కనీసం పదింటికొక బీరకాయ.

ఈ దరఖాస్తుకు సాక్షి సంతకాలు కావాలని మొన్న రోహిణి కార్తె ఎండలో పక్కింటి అవ్వ దగ్గరికి పోయాను. కుండలో నీళ్లు ముంచి ఇచ్చి, కథంతా విని, నా చెయ్యి పట్టుకుంది.

"కొడుకా, నువ్వు తోట పెట్టినంక మా ఇండ్లల్లకు కోతులు వస్తలేవు. పెంకలు పలుగుతలేవు, ఎండవోసిన వడియాలు ఎండవోసినట్టే ఉంటున్నయి. వాడంత నీ పేరే చెప్పుకుంటున్నరు. సల్లగుండు."

దరఖాస్తు మీద వేలిముద్ర వేయలేదు. లోపలికి పోయి, కొంగులో ఏదో పట్టుకొచ్చి నా చేతిలో పోసింది. బీర గింజలు. వాడంతా తలా ఇన్ని వేసి జమచేసినవట, మిరుగం వస్తున్నదని.