డ్రయర్ సాకెట్టు దగ్గర మామా అల్లుళ్లు

డాలస్ శివారులో 1989లో కట్టిన ఇల్లు. బట్టలారబెట్టే గ్యాస్ డ్రయర్ వచ్చాక లాండ్రీ గదిలోని పాత 240 వోల్టుల డ్రయర్ సాకెట్టు ఊరికే పడి ఉంది. దాన్ని మామూలు సాకెట్లుగా మార్చి ఫ్రీజరు, గ్రైండరు పెట్టాలని అల్లుడి ఆలోచన. కూతురింటికి వచ్చిన మామగారు కరెంటు ఆఫీసులో లైన్ ఇన్‌స్పెక్టరుగా రిటైరయ్యారు.

అల్లుడు: గోడలో పదో గేజి రాగి వైరు ఉంది మామయ్యగారూ. మామూలు సాకెట్లకు అంతకంటే సన్నని పన్నెండో గేజి చాలు. ఇంత లావు వైరు పెట్టుకుని కొత్తది లాగించడం దండగ.

మామ: వైరు సంగతి సరే బాబూ, బ్రేకరు ఎంత?

అల్లుడు: 30 ఆంపులు.

మామ: సాకెట్టు చేసింది పదిహేనుకో, ఇరవైకో. పాతిక లాగినా ఆ బ్రేకరు పడదు. సాకెట్టు మాడిపోతుంది.

అల్లుడు: అందుకే బ్రేకరు మారుస్తాను. ఇక్కడ 240 అంటే రెండు 120లే. ఒక్కో ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 120 వస్తుంది. రెండూ ఒకేసారి పడే 20 ఆంపుల జంట బ్రేకరు వేస్తే ఫ్రీజరుకొకటి, గ్రైండరుకొకటి. రెండు ఫేజులూ ఎదురెదురు కాబట్టి న్యూట్రల్‌లో పోయేది తేడా కరెంటే.

మామ: లెక్క బాగుంది. మరి ఎర్తు ఏది? సాకెట్టు దగ్గరగా చూడు. ఏటవాలుగా రెండు చీలికలు, కింద ఎల్ అక్షరంలా ఇంకొకటి. రెండు ఫేజులు, న్యూట్రల్, అంతే.

అల్లుడు: ఇక్కడి 1996 వైరింగ్ కోడ్ వచ్చేదాకా డ్రయర్ బాడీని న్యూట్రల్‌కే కలపనిచ్చారు. నాలుగు కన్నాలవి ఆ తర్వాతి ఇళ్లకు. నేను జీఎఫ్‌సీఐ సాకెట్లు పెడతాను. 5 మిల్లీఆంపులు లీకైతే చాలు, కట్ చేసేస్తాయి. ఇక భయమేముంది?

మామ: భయం లేదనకు బాబూ! ఎర్తు ఉంటే ఫ్రీజరు బాడీకి ఫేజు తగిలిన క్షణంలోనే బ్రేకరు పడుతుంది. లేకపోతే ఎవరో ఒకరు ముట్టుకునేదాకా ఆ బాడీలో కరెంటు అలాగే ఉంటుంది. జీఎఫ్‌సీఐ కట్ చేసేది చెయ్యి పడ్డాకే. ఎర్తు లేని మోటారు స్టార్టరు డబ్బా ముట్టుకుని పోయిన రైతుల పొలాలకు నేను వెళ్లాను. ఆ ఇళ్ల ఆడవాళ్ల ఏడుపు ఇంకా నా చెవుల్లోనే ఉంది. ఇక్కడ తడి చేత్తో గ్రైండరు ముట్టుకునేది మా అమ్మాయి. నాకు జీఎఫ్‌సీఐ కావాలి, ఎర్తూ కావాలి.

అల్లుడు: ...సరే. బ్రేకర్ల ప్యానెల్ నుంచి ఎర్తు వైరు ఒక్కటే విడిగా లాగితే?

మామ: దానికి గోడలో కన్నం పెట్టాలిగా? అదే కన్నంలోంచి మొత్తం కేబులే లాగు. ప్యానెల్ ఈ గోడవతల గ్యారేజీలోనే ఉంది, పదిహేను అడుగులు కూడా లేదు. ఈ 240ని కదపకు. రేపు ఇల్లు కొనేవాళ్లకు ఎలక్ట్రిక్ డ్రయర్ ఉండొచ్చు.

అల్లుడు: ప్యానెల్లో ఖాళీ ఎక్కడుంది మామయ్యగారూ? ఈ డ్రయర్ బ్రేకరు తీస్తేనే రెండు చోట్లు దొరికేది.

మామ: అవునా? అయితే నా మాట సగం వెనక్కి తీసుకుంటాను. బ్రేకరు చోటు వాడుకో, పాత వైరు మాత్రం వాడకు. దాన్ని రెండు చివరలా విప్పి, వైరు కొసలకు టోపీల్లాంటి వైరు నట్లు బిగించి, మూత వేసెయ్యి.

అల్లుడు: కొన్ని ఇళ్లలో సాకెట్టు డబ్బా లోపల ఎర్తుకు పనికొచ్చే బోసి రాగి తీగ వెనక్కి మడిచి ఉంటుంది. అది దొరికితే?

మామ: అది తెగకుండా ప్యానెల్ ఎర్తు బార్ దాకా వెళ్తే నువ్వే గెలిచినట్టు. ముందు బ్రేకరు దించు. దించాక కూడా మూడు కన్నాల్లోనూ టెస్టరు పెట్టి చూడనిదే స్క్రూ ముట్టుకోకు.

(బ్రేకరు దించారు. టెస్టరు వెలగలేదు. మూత ఊడింది. నలుపు, ఎరుపు, తెలుపు. అల్లుడు ఫోన్ లైటు వేసి డబ్బా వెనక మూలల దాకా వెతికాడు.)

అల్లుడు: కేబులు ఇరవై అడుగులు తెస్తే సరిపోతుందా మామయ్యగారూ?

మామ: పాతిక తీసుకురా. మూడు వైర్లూ, ఎర్తూ ఉన్నదే తీసుకో.