ఊరిని నిలబెట్టినవారికి కాగితాలేవీ?

అమెరికా మధ్య పశ్చిమ రాష్ట్రాల్లో పల్లెలు ఖాళీ అవుతున్నాయన్నది పాత వార్త. అయోవా రాష్ట్రంలో మూడింట రెండు వంతుల కౌంటీలు (మన జిల్లాల వంటివి) 2010, 2020 జనగణనల మధ్య జనాన్ని పోగొట్టుకున్నాయి. వాయవ్య మూలన ఉన్న పోకహంటస్ కౌంటీలో 1940లో 16 వేల పైచిలుకు మనుషులుండేవారు. ఇప్పుడు మిగిలింది ఏడు వేలు. దానికి పడమటి పొరుగున ఉన్న బ్యూనా విస్టా కౌంటీ కేంద్రం స్టార్మ్ లేక్ మాత్రం ఆ ప్రవాహానికి ఎదురీదుతోంది. 1990లో 8,769గా ఉన్న ఊరి జనాభా 2020 నాటికి 11,269కి చేరింది. మన లెక్కన ఒక పెద్ద పంచాయతీ. అమెరికా లెక్కన అది నగరం.

అంకెతో పాటు మనుషులూ మారారు. 1980 ప్రాంతంలో దాదాపు అందరూ శ్వేతజాతీయులే ఉన్న చోట ఇప్పుడు వారు సగానికి తక్కువ. ప్రతి అయిదుగురిలో దాదాపు ఇద్దరి మూలాలు మెక్సికోలోనో మధ్య అమెరికాలోనో ఉన్నాయి. లావోస్, మయన్మార్, సూడాన్ నుంచి వచ్చినవారున్నారు, పసిఫిక్ మహాసముద్రంలోని మైక్రోనేసియా దీవుల వారున్నారు. ప్రభుత్వ బడిలో శ్వేతజాతి పిల్లలు అయిదో వంతు కూడా లేరు.

ఎక్కడో మొక్కజొన్న చేల మధ్య ఉన్న ఊరితో తెలుగు పాఠకులకు పనేమిటన్న ప్రశ్న సహజం. అమెరికా వలస విధానం అనగానే మన ఇళ్లలో హెచ్-1బీ లాటరీ, గ్రీన్ కార్డు వరుస, విద్యార్థి వీసా అనే మాటలే వినిపిస్తాయి. అది ఆ విధానానికి ఒక కొస. మాంసం కోసే బల్ల దగ్గర ఉన్నది రెండో కొస. ఒకటి చూసి రెండోదాన్ని వదిలేస్తే అక్కడ జరుగుతున్నదేమిటో అర్థం కాదు.

ముందుగా ఈ నేల ఎవరిదో చెప్పుకోవాలి. మంచుయుగం మిగిల్చిన పెద్ద సరస్సు చుట్టూ ఉన్న ఈ మైదానం డకోటా తెగలది. 1851 నాటి ఒప్పందాలతో వాయవ్య అయోవా వారి చేతుల్లోంచి జారిపోయింది. 1870లో రైలు వచ్చింది, 1873లో పట్టణానికి పాలకవర్గం ఏర్పడింది, 1891లో ప్రెస్బిటేరియన్ చర్చి వారు కళాశాల పెట్టారు. కౌంటీకి పెట్టిన పేరు 1847లో మెక్సికో మీద అమెరికా సేన పోరాడిన రణభూమిది. మెక్సికో మీద గెలుపునకు గుర్తుగా పేరు పెట్టుకున్న కౌంటీలో ఇప్పుడు మెక్సికన్ల కిరాణా దుకాణాలు వెలిశాయి. చరిత్రకు ఇలాంటి కొంటెతనం అలవాటే.

తొలి స్థిరనివాసుల్లో జర్మన్లు, స్వీడన్ వారు ఎక్కువ. వారు ఇంటా చర్చిలోనూ సొంత భాషే మాట్లాడుకునేవారు. మొదటి ప్రపంచ యుద్ధం వేడిలో, 1918 మేలో, అప్పటి గవర్నర్ విలియం హార్డింగ్ ఒక ఉత్తర్వు ఇచ్చారు: బడిలో, బహిరంగ స్థలాల్లో, రైళ్లలో, చివరికి టెలిఫోనులోనూ ఇంగ్లీషు తప్ప వేరే భాష మాట్లాడరాదు. ప్రార్థనలకూ అదే నియమం. అలా నోరు కట్టేయించుకున్నవారి మనవలే మరో 84 ఏళ్లకు, 2002లో, ఇంగ్లీషును రాష్ట్ర అధికార భాషగా చేసిన చట్టానికి చప్పట్లు కొట్టారు. ఆ చట్టాన్ని ముందుండి నడిపిన రాష్ట్ర సెనేటర్ స్టీవ్ కింగ్ ఆ తరువాత కాంగ్రెస్‌కు వెళ్లి, పరాయివారి పిల్లలతో మన నాగరికతను నిలబెట్టుకోలేమని 2017లో ప్రకటించారు. అప్పుడాయన ప్రాతినిధ్యం వహిస్తున్న నియోజకవర్గంలోనే స్టార్మ్ లేక్ ఉంది. పరాయివారి పిల్లలు లేకపోతే ఆ ఊళ్లో బడులు ఎన్ని మిగిలేవో ఆయన లెక్కవేసినట్టు లేదు.

అసలు మార్పు ఎక్కడ మొదలైంది? వలసవచ్చినవారు ఊరిని మార్చేశారని అక్కడి రాజకీయ నాయకులు చెబుతారు. కాలక్రమం చూస్తే వరుస తలకిందులుగా ఉంది. ముందు జీతాలు పడిపోయాయి, మనుషులు ఆ తరువాత వచ్చారు.

స్టార్మ్ లేక్‌కు బతుకునిచ్చింది పంది మాంసం ఫ్యాక్టరీ. హైగ్రేడ్ కంపెనీ దానిని నడిపిన రోజుల్లో బలమైన కార్మిక సంఘం ఉండేది. కత్తి పట్టినవాడు ఇల్లు కట్టుకుని, పిల్లల్ని కాలేజీకి పంపగలిగేవాడు. 1981లో హైగ్రేడ్ తలుపులు మూసింది. మరుసటి ఏడాది ఐబీపీ అనే కంపెనీ ఆ ఫ్యాక్టరీని కొని, గంటకు 6 డాలర్ల దగ్గర, సంఘం ఊసు లేకుండా పని మొదలుపెట్టింది. పాత కార్మికుల్లో చాలా కొద్దిమందినే తీసుకుంది. 1960లో అదే అయోవాలోని డెనిసన్‌లో పుట్టిన ఐబీపీ మాంసం పరిశ్రమ స్వరూపాన్నే మార్చేసింది. పశువును మొత్తంగా కోయగల కసాయి నైపుణ్యం అక్కర్లేకుండా, ఒక్కొక్కరు ఒక్కొక్క కోతను రోజుకు వేలసార్లు కోసేలా పనిని ముక్కలు చేసింది. నైపుణ్యం అక్కర్లేని పనికి ఎవరైనా సరిపోతారు. మణికట్టు, భుజం పాడైతే ఇంకొకరు వస్తారు.

అదే కాలంలో వ్యవసాయ సంక్షోభం విరుచుకుపడింది. అయోవాలో ఎకరం సగటు ధర 1981లో 2,147 డాలర్లుండగా 1986కి 787కు దిగింది. అప్పుల్లో మునిగిన రైతులు పొలాలు అమ్ముకున్నారు, వారి పిల్లలు చికాగోకో రాష్ట్ర రాజధాని డెమోయిన్‌కో వెళ్లిపోయారు. సగానికి పడిపోయిన కూలికి, వణికించే చలి గదిలో, నెత్తుటి నేల మీద నిలబడడానికి ఊళ్లోవారు ముందుకు రాలేదు. ఆ ఖాళీలోకే కొత్తవారు వచ్చారు. కొందరు తమంతట తాము, కొందరు కంపెనీ పిలుపు మీద.

మొదట వచ్చింది ఆగ్నేయాసియా వారు. ఇక్కడ ఒక మంచి మాట చెప్పాలి. 1975లో థాయ్‌లాండ్ శిబిరాల్లో చిక్కుకున్న తాయ్ డామ్ అనే చిన్న జాతి, తమను విడదీయకుండా ఒకేచోట స్థిరపడనివ్వండని లేఖలు రాస్తే అయోవా గవర్నర్ రాబర్ట్ రే ఒప్పుకున్నారు. దాదాపు 1,200 మందికి రాష్ట్రం చోటిచ్చింది. ఆ పని కోసం ప్రభుత్వమే సొంతంగా శరణార్థుల విభాగం నడిపింది. రే రిపబ్లికన్. ఈనాటి రిపబ్లికన్ పార్టీలో ఆయనకు టికెట్ దొరికేది కాదేమో. తాయ్ డామ్, లావోస్ కుటుంబాలు స్టార్మ్ లేక్ ఫ్యాక్టరీకి చేరాయి. వెనక మెక్సికో నుంచి జర్మన్ మాండలికం మాట్లాడే మెన్నొనైట్లు అనే క్రైస్తవ శాఖవారు, ఆపైన హలిస్కో రాష్ట్రపు పల్లెల వారు వచ్చారు. 2001లో ఐబీపీని టైసన్ కంపెనీ కొన్నది. 2014లో ఊళ్లోని టర్కీకోళ్ల ఫ్యాక్టరీ కూడా దాని చేతికే వచ్చింది. మైక్రోనేసియన్లకు అమెరికాతో ఉన్న ఒప్పందం ప్రకారం వీసా లేకుండానే పనిచేసే హక్కుంది కనుక ఇటీవలి కాలంలో కంపెనీ చూపు వారి మీద పడింది.

వైవిధ్యపు పూలతోట అంటూ ఈ ఊరిని పొగిడే విలేకరులకు కొదవ లేదు. మేము ఆ మేళంలో చేరలేం. ఊరు బతికినమాట నిజమే. వీధిలో దుకాణాలు తెరిచి ఉన్నాయి, బడి కిటకిటలాడుతోంది, ఇళ్లకు గిరాకీ ఉంది. కానీ ఈ కళంతా తక్కువ కూలి పునాది మీద లేచింది. అయోవాలో మనుషులు 32 లక్షలు, పందులు రెండు కోట్ల పైమాటే. ఆ పందుల వల్ల వచ్చే లాభం ఎటు పోతుందో, ఆ ఎరువు నైట్రేట్లుగా మారి ఏ నదిలో కలుస్తుందో అడగాల్సినవారు అడగరు. అడిగింది ఊళ్లోని చిన్న పత్రిక. అప్పట్లో వారానికి రెండుసార్లు, మూడు వేల ప్రతులతో వచ్చిన స్టార్మ్ లేక్ టైమ్స్‌లో ఆర్ట్ కలెన్ రాసిన సంపాదకీయాలకు 2017లో పులిట్జర్ బహుమతి వచ్చింది. నీటి కాలుష్యంపై డెమోయిన్ జలమండలి బ్యూనా విస్టా సహా కొన్ని కౌంటీల మీద వేసిన దావాలో ఆ కౌంటీల తరఫు ఖర్చును తెరవెనుక ఎవరు భరిస్తున్నారని ఆ పత్రిక పట్టుబట్టి నిలదీసింది. ప్రకటనలు పోతాయన్న భయం ఉన్న చోట రాసిన ఆ మాటలకు విలువ ఎక్కువ. సంపాదకీయం రాసే ఎవరికైనా అది కాస్త అసూయ కలిగించే సంగతే.

కరోనా కాలంలో ఈ కార్మికుల విలువ దేశానికి ఉన్నట్టుండి తెలిసింది. 2020 ఏప్రిల్ 28న అధ్యక్షుడు ట్రంప్ మాంసం ఫ్యాక్టరీలు మూతపడరాదంటూ ఉత్తర్వు ఇచ్చారు. ఒక నెల తిరిగేసరికి స్టార్మ్ లేక్ టైసన్ ఫ్యాక్టరీలో 500 మందికి పైగా కార్మికులకు వ్యాధి సోకినట్టు తేలింది. అప్పుడు వారు దేశానికి అత్యవసరం. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న. 2025 వేసవిలో అదే రాష్ట్రంలోని అటమ్వాలో మరో మాంసం ఫ్యాక్టరీ కార్మికులు సుమారు 200 మందికి పని అనుమతులు రద్దయ్యాయని తాఖీదులు అందాయి. వారు దొంగచాటుగా వచ్చినవారు కారు. ప్రభుత్వం ఇచ్చిన అనుమతి కాగితాలతోనే చేరారు.

దాడులు కొత్త కాదు. 1996లో వలస అధికారులు స్టార్మ్ లేక్ ఫ్యాక్టరీ మీద పడి డజన్ల మందిని పట్టుకుపోయారు. 2008లో ఈశాన్య అయోవాలోని పోస్ట్‌విల్‌లో ఒకే రోజు 389 మందిని అరెస్టు చేశారు. రెండు వేల పైచిలుకు జనాభా ఉన్న ఊరది. అక్కడి కార్మికుల్లో చాలామంది నెలల తరబడి జైల్లో ఉండి దేశం వదిలి వెళ్లారు. కంపెనీని నడిపిన వ్యక్తి మీద పెట్టిన వలస అభియోగాలను ప్రభుత్వమే ఉపసంహరించుకుంది. బ్యాంకు మోసానికి పడిన 27 ఏళ్ల శిక్షను 2017లో ట్రంప్ తగ్గించి విడుదల చేశారు. చట్టం ఎవరి మీద బరువుగా పడుతుందో చెప్పడానికి ఇంతకు మించి వ్యాఖ్య అనవసరం.

చట్టబద్ధంగా రావచ్చు కదా అనే వాదన మన ప్రవాసుల నోటా తరచుగా వినిపిస్తుంది. డెమోయిన్ పరిసరాల్లో బీమా, బ్యాంకింగ్ సంస్థల్లో పనిచేసే మనవారు స్టార్మ్ లేక్‌కు కారులో కొన్ని గంటల దూరంలోనే ఉన్నారు. వరుసలో నిలబడినవారికి, వరుస దాటినవారి మీద కోపం రావడం మానవ సహజం. అయితే అసలు వరుస ఉందా? వ్యవసాయ కూలీల వీసా, ఇతర తాత్కాలిక కూలీల వీసా సీజన్ పనులకో, తాత్కాలిక పనులకో మాత్రమే వర్తిస్తాయి. పందుల కోతకు సీజన్ లేదు. పెద్ద చదువు, శిక్షణ అక్కర్లేని పనులకు శాశ్వత నివాసపు కోటా దేశం మొత్తానికి ఏడాదికి పది వేలు మాత్రమే. ఒక్కో దేశానికి ఏడు శాతం మించరాదన్న పరిమితి ఆ పైన ఉంది. మన ఇంజినీర్లను దశాబ్దాలుగా నిలబెట్టిన ఏడు శాతం అదే. హలిస్కో రైతు కొడుకునూ హైదరాబాద్ ఇంజినీరునూ ఆపుతున్న తలుపు ఒకటే అన్నమాట. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము విధించినప్పుడు, చట్టబద్ధులమన్న ధీమా ఎంత పలచనో మనకూ తెలిసివచ్చింది.

ఊరికి ఇంకో భయం ఉంది, దాని గురించి తక్కువగా మాట్లాడతారు. 2024లో టైసన్ డెమోయిన్‌కు వాయవ్యంగా ఉన్న పెర్రీలో తన పంది మాంసం ఫ్యాక్టరీని మూసేసింది. ఎనిమిది వేల జనాభా ఉన్న ఊళ్లో సుమారు 1,300 ఉద్యోగాలు పోయాయి. అక్కడా కార్మికుల్లో చాలామంది వలసవచ్చినవారే, అక్కడా బడి వారి పిల్లలతోనే నిండింది. ఒకే యజమాని మీద ఆధారపడిన ఊరు ఆ యజమాని లెక్కల పుస్తకంలో ఒక పద్దు. పత్రాలు లేని కార్మికుడు కూలి పెంచమని గట్టిగా అడగలేడు, గాయమైతే చెప్పుకోలేడు, పక్క ఊరికి పోయి బేరమాడలేడు. అతని భయం పక్కన నిలబడిన అమెరికన్ పౌరుడి కూలిని కూడా కిందికి లాగుతుంది. బ్యూనా విస్టా కౌంటీలో ట్రంప్‌కు ఓటేసిన శ్వేతజాతి కార్మికులకు ఈ సంగతి చెప్పే నాయకుడు ఏ పార్టీలోనూ కనబడడు. 2020లో పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీ ఎన్నికలో స్టీవ్ కింగ్ ఓడిపోయింది కూడా వలసల మీద అన్న మాటలకు కాదు. కమిటీ పదవులు పోయాక రైతులకు పనికిరాకుండా పోయాడని ప్రత్యర్థి చేసిన ప్రచారానికి.

ఏళ్ల తరబడి పనిచేసి పన్నులు కడుతున్నవారికి శాశ్వత నివాసానికి దారి ఇవ్వాలి. ఏడాది పొడవునా సాగే పనులకు, యజమాని మారే హక్కుతో కూడిన వీసా ఉండాలి. అక్రమ నియామకం జరిగితే శిక్ష ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆగిపోకుండా కంపెనీ కార్యాలయం దాకా వెళ్లాలి. ఇవి విప్లవాత్మక కోరికలు కావు. మొదటిదానికి దగ్గరగా ఉన్న బిల్లును 2013లో సెనేట్ 68-32 ఓట్లతో ఆమోదించింది. ప్రతినిధుల సభ దానిని చర్చకే తీసుకోలేదు. అయోవా సెనేటర్ చక్ గ్రాస్లీ ఆనాడు వ్యతిరేకంగా ఓటేశారు. వలస చట్టాలను పరిశీలించే సెనేట్ న్యాయ కమిటీకి 2025లో మళ్లీ ఆయనే అధ్యక్షుడయ్యారు. ఏటా రాష్ట్రంలోని 99 కౌంటీలనూ చుట్టివచ్చి జనం మాట వింటానని చెప్పుకునే నాయకుడాయన. బ్యూనా విస్టా కౌంటీ వంతు వచ్చినప్పుడు ఆయన ఫ్యాక్టరీలోకి వెళ్లి, ఏడాది పొడవునా ఆ బల్ల దగ్గర నిలబడే మనిషికి అమెరికా చట్టంలో ఏ వీసా ఉందో చూపించాలి.