మండువాకి లేని తాళం

సంక్రాంతికి హైదరాబాదు నుంచి వచ్చిన మావాడు, వీధి తలుపుకి వేలిముద్ర తాళం బిగించి మరీ వెళ్లాడు. మాది అంబాజీపేట పక్కన. అంతకుముందు తాళంచెవి గుమ్మం పక్క గూట్లో ఉండేది. ఆ సంగతి పాలబ్బాయితో సహా ఊరు సగానికి తెలుసు. ముప్పై ఏళ్లలో మా ఇంట్లోంచి పోయింది ఒక్కటే, ఆ తాళంచెవి. అదీ ఓసారి.

"అమెరికాలో తుపాకులకే వేలిముద్ర పెడుతున్నారు నాన్నా. పిల్లల చేతికి చిక్కినా పేలదు" అన్నాడు. మంచిదే, కాదనను. "మరి దొంగొచ్చినప్పుడు తుపాకి గలాయన చేతికి చెమట పడితే?" అన్నాను. మావాడు తల్లి వైపు చూశాడు.

నిన్న మా ఆవిడ అరుగు మీద రొయ్యలు వలుస్తోంది, నేను పెరట్లో కొబ్బరికాయలు వలుస్తున్నాను. గాలికి తలుపు పడింది. దానంతటదే తాళం పడింది. ఫోన్లు లోపల. మీట నొక్కే ఆరంకెలున్నాయిగా అంటారా? మరిచిపోకుండా భద్రంగా రాసిపెట్టుకున్నాం, లోపల, క్యాలెండరు వెనకాల.

పొయ్యి మీద కుక్కరు ఒక కూత వేసింది.

నా వేలు పెట్టాను. పీచు లాగి లాగి గీతలరిగిపోయిన వేలది, రేషన్ దుకాణంలోనే పడదు. మా ఆవిడ వేళ్లు రొయ్యల నీళ్లలో నాని ముడతలు పడ్డాయి. కొంగుకి తుడుచుకుని పెట్టింది, ఊదుకుని పెట్టింది. ఐదు తప్పులయ్యేసరికి తాళం ఎర్రదీపం వెలిగించి అలక పూనింది.

"మూడు కూతలకి కట్టెయ్యాలండీ!" అంది. రెండోది వచ్చేసింది.

ఎదురింటి కుర్రాడు పరిగెత్తుకొచ్చాడు. ఆర్మాటిక్స్ అని జర్మనీ కంపెనీ పిస్తోలుందట, దాని జతగడియారం దగ్గరుంటేనే పేలుతుందట. 2017లో ఒకాయన 15 డాలర్ల అయస్కాంతాలు ఆనించి, గడియారం లేకుండానే పేల్చేశాడట. ఇంత చెప్పి, పాత స్పీకరులోంచి ఊడదీసిన అయస్కాంతం మా తాళానికి పెట్టాడు. ఠపీమని అతుక్కుంది. అంతే, అతుక్కుంది.

మూడో కూత.

అప్పుడే కొబ్బరి దింపుకి వచ్చిన మనిషి మా అవస్థ చూశాడు. "ఆయ్, ఉండండి బాబుగారూ" అని ఇంటి పక్క చెట్టెక్కి, పెంకుల మీదికి దిగి, నడిమింట్లోకి దూకి, నాలుగో కూత లోపు తలుపు తీశాడు. మరి మండువా లోగిలి కదండీ! నడినెత్తిన ఆకాశం పెట్టుకుని వీధి తలుపుకి ఇంత తాళం వేశాం.

"తాళం మాత్రం గట్టిదండోయ్" అన్నాడు పోతూ పోతూ.

ఆ అయస్కాంతం ఇంకా దాని మీదే ఉంది. ఆరంకెలు రాసిన చీటీ దాని కిందే పెట్టాం. పాలబ్బాయి ఇప్పుడు చీటీ చూడకుండానే నొక్కేస్తున్నాడు.