120 మిల్లీమీటర్ల లిక్విడ్ కూలర్ అల్లుడు గారికి

రిచీ స్ట్రీట్, చెన్నై.
రోహిణి కార్తె.

మహారాజశ్రీ అల్లుడు గారికి,

కంప్యూటర్ ప్రాసెసర్‌ను నీళ్లతో చల్లబరుస్తానంటూ, రోళ్లు పగిలే ఎండల్లో తమరు అట్టపెట్టెలోంచి దిగారు. నీళ్లవారంటే ఈ ఊళ్లో ఎవరికైనా గౌరవమే. ట్యాంకర్ కోసం బిందెలు వరుస పెట్టిన ఊరు మరి. అందుకే తమరి ధర దగ్గర ఎవరూ బేరమాడలేదు.

ఒక్క సందేహం. ప్రాసెసర్ వేడిని తమరి నీళ్లు మింగేస్తాయని పెట్టె మీద బొమ్మ ఉంది. మింగి ఎక్కడ పెడతాయి? ట్యూబుల్లోంచి రేడియేటర్‌కు మోసుకెళ్తే, ఒకే ఒక్క 120 మి.మీ. ఫ్యాను దాన్ని మళ్లీ గదిలోకే ఊదుతుంది. ప్రాసెసర్ మీద లోహపు రెక్కలతో నిలబడే మా పెద్దల్లుడు టవర్ ఎయిర్ కూలర్ చేసేదీ అదే, అదే సైజు ఫ్యానుతో. నీళ్ల మాటకొస్తే ఆయన దగ్గరా ఉన్నాయి. రాగి హీట్ పైపుల్లో గాలి తీసేసి పోసిన కాసిని నీళ్లు కింద ఆవిరై, పైన రెక్కల దగ్గర చల్లబడి, పైపు గోడ పట్టుకుని మళ్లీ కిందికి వస్తాయి. పంపు లేదు, చప్పుడు లేదు. పేరులో 'ఎయిర్' ఉన్న పాపానికి ఆయనకు కట్నం తక్కువ.

మొదటి కొద్ది నిమిషాలు తమరిదే పైచేయి, కాదనం. నీరు నిదానంగా వేడెక్కుతుంది గనక. కానీ 100 మి.లీ. నీళ్లకు 100 వాట్ల వేడి తగిలితే, చల్లబరిచే దిక్కు లేనప్పుడు, నాలుగు సెకన్లకో డిగ్రీ ఎక్కుతుంది. తమరి కడుపులో గ్లాసుడు నీళ్లయినా పట్టవు. అందుకే అయిదు నిమిషాల బెంచ్‌మార్క్ చూపించి తమరిని అంటగడతారు. అరగంట వీడియో రెండరింగ్ పెడితే తమరూ, నాలుగు హీట్ పైపుల టవరూ ఒకే బంతిలో కూర్చుంటారు. పైగా ఆ పరీక్ష ఏసీ గదిలో. 22 డిగ్రీల గదిలో 72 చూపించిన ప్రాసెసర్, అదే పనికి, 35 డిగ్రీల మేడగదిలో 85 దగ్గర ఉంటుంది. గదికన్నా చల్లగా చేయడం అల్లుళ్లిద్దరికీ చేతకాదు.

ఇక తమరిని కూర్చోబెట్టడమే ఓ తంతు. లోపల ఎంతో కొంత గాలి ఉంటుంది, అది ఎత్తయిన చోటికే చేరుతుంది. రేడియేటర్ పల్లంలో పెట్టి పంపును ఎత్తులో ఉంచితే గుడగుడ మొదలు, ఆనక పంపు అరుగుదల. క్యాబినెట్ వెనక, ట్యూబులు కిందికి వచ్చేలా బిగిస్తే ఆ గొడవ తప్పుతుంది. అయితే అక్కడ గ్రాఫిక్స్ కార్డు వదిలిన వేడిగాలితోనే తమరు చల్లబడాలి! పంపు తీగను మదర్‌బోర్డులో తమబోటి కూలర్ల కోసం 'ఏఐఓ పంప్' అని రాసిన పిన్నులకే పెట్టి వేగం నూటికి నూరు ఉంచాలి. సీపీయూ ఫ్యాన్ పిన్నులకు పెడితే, చల్లగానే ఉంది కదా అని బోర్డు పంపును కునుకు తీయిస్తుంది. తమరొచ్చాక ప్రాసెసర్ సాకెట్ చుట్టూ గాలాడదు, ప్రాసెసర్‌కు కరెంటు సర్ది ఇచ్చే వీఆర్ఎమ్‌లు ఉక్కపోతకు మగ్గుతాయి. టవర్ ఊదే గాలిలో వాటికీ వాటా దక్కేది.

ఆరోగ్యమూ అంతంతే. ట్యూబు గోడల్లోంచి నీరు ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా ఇగిరిపోతుంది. ప్రాసెసర్‌ను తాకే కోల్డ్ ప్లేట్ రాగి, రేడియేటర్ సాధారణంగా అల్యూమినియం. తుప్పును ఆపే మందు బలం తగ్గితే మడ్డి పుట్టి, ప్లేటులోని సన్నటి చాళ్లలో ఇరుక్కుంటుంది. ప్రాసెసర్ 95 చూపిస్తున్నా రేడియేటర్ చల్లగా తగిలిందా, నీరు కదలడం లేదన్నమాట. పంపు పోతే మొత్తం సెట్టు మార్చాలి. టవర్‌లో తిరిగేది ఫ్యాను ఒక్కటే. రెండు తీగ క్లిప్పులు ఊడదీసి కొత్తది తగిలిస్తే సరి.

పెద్దల్లుడూ తక్కువవాడేం కాదు. నాక్చువా ఎన్‌హెచ్-డి15 లాంటి భారీ టవర్ అయితే 165 మి.మీ. ఎత్తు, చిన్న క్యాబినెట్ తలుపు పడదు. ముందు ఫ్యాను కింద ర్యామ్‌కు 32 మి.మీ. చోటే మిగులుతుంది. బరువు ఫ్యాన్లతో కిలోంబావు పైమాటే. ఊడదీయకుండా నెల్లూరు పార్సిల్ లారీ ఎక్కిస్తే గుంత గుంతకూ మదర్‌బోర్డు మీద వేలాడుతుంది. టవర్ పట్టని మినీ ఐటీఎక్స్ అనే బుల్లి క్యాబినెట్ డబ్బాల్లో తమరిదే రాజ్యం, ఒప్పుకున్నాం. 200 వాట్లు దాటే ప్రాసెసర్ ఇంటికి మాత్రం తమరు దయచేయకండి, మూడు ఫ్యాన్ల తమరి అన్నగారు 360 మి.మీ. కూలర్‌ని పంపండి.

ఇట్లు,
స్క్రూడ్రైవర్ చేతబట్టుకున్న మామగారి తరఫువారు

తా.క.: ఇంటెల్ ప్రాసెసర్ల పాత ఎల్‌జీఏ 1200 సాకెట్ బ్రాకెట్‌తో 1700 సాకెట్‌కు రావద్దు. రంధ్రాల దూరం 75 నుంచి 78 మి.మీ.కు పెరిగింది. వచ్చేముందు అడుగున అంటించిన ప్లాస్టిక్ పొర తమరే తీసుకోండి. దాని మీదే వేడిని దాటించే పేస్టు రాసి బిగించేవాళ్లు ఇంకా ఉన్నారు.