చెడ్డ సినిమాకు మద్దతు ధర

యాసంగి వడ్లు కొంటారా, కొనరా అని నల్లగొండ జిల్లాలో ఏటా ధర్నాలు జరుగుతాయి. చెడ్డ సినిమాను ఎవరు కొంటారని మాత్రం ఇప్పటిదాకా ఒక్క రాస్తారోకో కూడా జరగలేదు. వడ్లకు మద్దతు ధర ఉంది, మిల్లర్ ఉన్నాడు, తేమ కొలిచే మిషన్ ఉంది. చెడ్డ సినిమాకు ఏముంది? శుక్రవారం పొద్దున పుట్టి ఆదివారం సెకండ్ షోకల్లా కన్ను మూస్తుంది. మంచి సినిమాలకైతే ప్రభుత్వమే 2025లో గద్దర్ అవార్డులు ఇచ్చి సన్మానం చేసింది. చెడ్డ సినిమాకు శాలువా కప్పిన నాథుడు లేడు.

కానీ దాని మీద బతికే కుటుంబాలు ఎన్ని! ట్రోల్ వీడియోలు చేసే పిల్లలు, మీమ్ పేజీలవాళ్లు, టీవీ స్కిట్లకు స్పూఫులు రాసేవాళ్లు, కుర్చీలో కూర్చొని ఒక్కో సీనునూ పావుగంట ఉతికేవాళ్లు, వాళ్లను చూస్తూ అన్నం చల్లారబెట్టుకునే మనం. ఇంత పెద్ద పరిశ్రమకు ముడిసరుకు ఒక్కటే: చెడ్డ సినిమా. దాని బాగోగులు ఎవరో ఒకరు పట్టించుకోవాలి గనక ఆ భారం నేనే నెత్తికెత్తుకుంటున్నాను.

ముందుగా పెద్దమనుషుల అభ్యంతరం తేల్చేద్దాం. ఒక సినిమా వెనక వందలమంది కష్టం ఉంటుందట, దాన్ని వెక్కిరించడం పాపమట. నిజమే. వడ్ల వెనక కూడా కష్టం ఉంటుంది. నెలల తరబడి నీళ్లు కట్టి, మందు కొట్టి, కల్లంలో ఆరబోసి, రాత్రంతా టార్పాలిన్ కప్పి కాపలా కాసి తెచ్చిన రైతుకు ఐకేపీ సెంటర్‌లో ఏం చెప్తారు? "తేమ పదిహేడు దాటింది, తాలు ఉంది, తూర్పారబట్టి తీసుకరా" అంటారు. ఆ మాటన్న మనిషి నెగెటివిటీ పెంచుతున్నాడని ఇంతవరకు ఏ రైతూ ప్రెస్‌మీట్ పెట్టలేదు. తిరుమలగిరి రైతుకు లేని సున్నితత్వం ఫిలింనగర్ నిర్మాతకు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు.

ఈ వెక్కిరింతను శాస్త్రీయంగా పండించిన ఘనత మాత్రం అమెరికాదే. 1988 నవంబరులో మినియాపొలిస్‌లో ఒక లోకల్ టీవీ ఛానెల్‌లో జోయెల్ హాడ్జ్‌సన్ అనే కమెడియన్ 'మిస్టరీ సైన్స్ థియేటర్ 3000' అనే షో మొదలుపెట్టాడు. పిచ్చి సైంటిస్టులు ఒకాయనను అంతరిక్షంలో బంధించి, దరిద్రపు సినిమాలు ఒకదాని తర్వాత ఒకటి చూపిస్తుంటారు, ఏ సినిమా దగ్గర మతి పోతుందో కనుక్కుందామని. ఆయన రెండు రోబోలను పక్కన కూర్చోబెట్టుకొని సినిమా పొడుగునా కామెంట్లు చేస్తుంటాడు. తెర కింది మూలలో ఆ ముగ్గురి తలకాయలు నల్లటి నీడల్లా కనబడుతుంటాయి. దీనికి అమెరికాలో మంచి టీవీ, రేడియో కార్యక్రమాలకు ఇచ్చే పీబడీ అవార్డు కూడా వచ్చింది. షో ఆగిపోయిన చాలా ఏళ్లకు, 2015లో, మళ్లీ తీయండని అభిమానులు చందాలేసుకొని యాభై ఏడు లక్షల డాలర్లకు పైగా పోగుచేశారు.

తెరకు అడ్డంగా తలకాయ కనబడాలని అన్ని డాలర్లు! మన నల్లగొండ టాకీసుల్లో ముందువాడి తలకాయ టికెట్‌తో పాటే ఉచితంగా వచ్చేది. తుండుగుడ్డ చుట్టుకొని వస్తే ఇంకా పెద్దగా వచ్చేది.

వెనక వరుసల్లోంచి కామెంట్ కూడా ఉచితమే. ఆ మనిషి ఎవరో ఎవరికీ తెలియదు. మార్కెట్ యార్డులో హమాలీ కావచ్చు, కోర్టులో గుమాస్తా కావచ్చు, చీకట్లో అందరూ ఒకటే. విలన్ హీరోను స్తంభానికి కట్టేసి తన పథకమంతా విడమరిచి చెప్తుంటాడు. వెనక నుంచి గొంతు: "ముందుగాల తాడు సూస్కో అన్నా, తెంపుతుండు." హీరో చెల్లెలికి కత్తిపోటు దిగుతుంది, అన్నయ్య ఆమెను రెండు చేతుల మీద ఎత్తుకొని ఖాళీ రోడ్డు మీద డైలాగులు చెప్తూ పరుగెత్తుతాడు. "మాట్లాడుడు ఆపి ఆటో పిలువు!" గుండెల్లో ఆరు తూటాలు దిగిన స్నేహితుడు ఇంకా తన చిన్ననాటి సంగతులు చెప్తుంటే, "ఏడోది పడ్డంకనే సస్తడు, మాట్లాడనియ్యిర్రి." హాలు హాలంతా నవ్వేది. ఏడుద్దామని కొంగు సిద్ధం చేసుకున్న ఆడవాళ్లు కూడా అదే కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వేవాళ్లు. లైట్లు వెలిగేసరికి ఆ మహానుభావుడు అందరితోపాటు అమాయకంగా సైకిల్ స్టాండ్ వైపు నడుస్తూ ఉండేవాడు. ఆయనకు సబ్‌స్క్రైబర్లు లేరు, గంట గుర్తు నొక్కమని అడగలేదు.

ఆ టాకీసులు చాలావరకు ఫంక్షన్ హాళ్లయ్యాయి, గోదాములయ్యాయి. మల్టీప్లెక్స్‌లో నోరు విప్పితే పాప్‌కార్న్ బకెట్ వెనక నుంచి నాలుగు జతల కళ్లు ఉరుముతాయి. ఇక ఇంట్లో చూద్దామంటే నలుగురికి నాలుగు ఫోన్లు, చెవుల్లో ఇయర్‌ఫోన్లు. తాడు చూసుకోమని విలన్‌కు చెప్పాలని నోటిదాకా వస్తుంది, వినేవాడు ఉండడు. ఈ షోల వ్యాపార రహస్యమంతా ఇక్కడే ఉందని నా అనుమానం. చెడ్డ సినిమాను ఒక్కడే కూర్చొని చూస్తే అది శిక్ష. పక్కన ఒకడు దొరికితే అదే పండగ. ఆ పక్కవాణ్ణి మనం పోగొట్టుకున్నాం, వాళ్లు డేటా ప్యాక్ మీద అద్దెకిస్తున్నారు.

అమెరికా షోలో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. ఆ బందీ తన సినిమాను తాను మొదలుపెట్టుకోలేడు, ఆపుకోలేడు. ఎందుకంటే ఆ పని చేసే విడిభాగాలు ఊడబీకి వాటితోనే రోబో దోస్తులను తయారు చేసుకున్నాడు. వాళ్ల టైటిల్ పాటలోనే ఈ ముచ్చట ఉంటుంది. మన చేతిలో ఆపే బటన్ ఉంది, పది సెకన్లు దూకించే బటన్ ఉంది, రెండింతల స్పీడు ఉంది. అయినా ఆ బందీయే సుఖపడుతున్నట్టు కనబడతాడు.

ఆ షోలో పనిచేసినవాళ్లే 2006లో ఇంకో అడుగు ముందుకు వేశారు. కొత్త సినిమాల హక్కులు కొనాలంటే ఆస్తులు అమ్ముకోవాలి గనక 'రిఫ్‌ట్రాక్స్' పేరుతో ఉత్త కామెంట్ల ఆడియో మాత్రమే అమ్మారు. సినిమా మీరు తెచ్చుకోండి, వెక్కిరింత మా దగ్గర కొనుక్కోండి. పెళ్లికి బ్యాండు మేళం మాట్లాడుకున్నట్టు పక్కసీటువాణ్ణి మాట్లాడుకోవడమన్నమాట. మన యూట్యూబ్ పిల్లలు దీన్ని కూడా దాటిపోయారు. ఇక్కడ అసలు సినిమాయే అక్కర్లేదు.

కల్వకుర్తి నుంచి జడ్చర్ల పోయే బస్సులో ఒక పిల్లవాడు ఫోన్ చూస్తూ ఒక్కడే పగలబడి నవ్వుతున్నాడు. పక్క సీటులో సంచి ఒళ్లో పెట్టుకున్న పెద్దావిడ కాసేపు భయంగా చూసి అడిగింది.

"ఏం సినిమా బిడ్డా అది?"

"సినిమా కాదు పెద్దమ్మా, సినిమాను తిట్టే వీడియో."

"నువ్వు సూసినవా ఆ సినిమా?"

"దాన్నెవడు సూస్తడు!"

"సూడంది నీకెట్ల తెలుసు బాగలేదని?"

"తిట్టెటోడు సూసిండు గదా."

ఆమె ఆలోచించి, ఒక ఇయర్‌ఫోన్ తన చెవిలో పెట్టమంది. జడ్చర్ల వచ్చేదాకా ఇద్దరూ కలిసి నవ్వారు. పని విభజన గురించి ఆర్థికశాస్త్రంలో ఎంత చదివినా ఇంత స్పష్టంగా అర్థం కాలేదు నాకు: తీసేవాడు ఒకడు, చూసే కష్టం ఇంకొకడిది, నవ్వేది మనం.

ఇదంతా పరాయి దేశపు తెగులు అనుకునేవాళ్లు బుర్రకథను గుర్తుకు తెచ్చుకోవాలి. నడుమ కథకుడు తంబుర మీటుకుంటూ వీరగాథ చెప్తుంటే అటొకరు, ఇటొకరు వంతలు. ఒకడు రాజకీయం మాట్లాడతాడు, ఒకడు హాస్యం. కథకుడు ఆవేశంగా కత్తి దూసినప్పుడల్లా హాస్యగాడు ఏదో ఒక తలతిక్క సందేహం అడుగుతాడు. కథ మీద కామెంట్ చేసేవాణ్ణి కథలోనే జీతమిచ్చి పెట్టుకున్న జాతి మనది. పిట్టల దొర సంగతి చెప్పనే అక్కర్లేదు. ఖాకీ బట్టలు, నెత్తిన టోపీ, భుజాన కట్టె తుపాకీ వేసుకొని వాకిట్లో నిలబడి కోటలు దాటే కోతలు కోస్తాడు, మనం నవ్వి గింజలు పెడతాం. అవే కోతలు ఇప్పుడు మూడు వందల కోట్లతో కోసి, నవ్వొద్దు, చప్పట్లు కొట్టమంటున్నారు. గొడవంతా అక్కడ వచ్చింది.

ఈ వెక్కిరింత షోలు మన పాలమూరు, నల్లగొండ వైపు ప్రత్యేకంగా రుచించడానికి ఇంకో కారణం ఉంది, అది పాత బాకీ. దశాబ్దాలపాటు తెలుగు సినిమాలో హీరో ఒక భాష మాట్లాడేవాడు, మన యాస మాత్రం రౌడీకి, పనివాడికి, కమెడియన్‌కు పంచిపెట్టేవారు. మన అమ్మ మాట్లాడే మాటకు హాలంతా నవ్వుతుంటే మనమూ నవ్వేవాళ్లం, టికెట్ కొన్నాం గదా. ఇప్పుడు అదే యాసలో ఒక పిల్లవాడు హీరో ఎంట్రీ సీనును ఆపి, "ఆగుర్రి, ఈయన గాల్లో ఎంతసేపున్నడో లెక్కవెడదాం" అంటుంటే చెవులకు ఎంత చల్లగా ఉంటుందో! వడ్డీతో సహా వసూలవుతోంది.

ఇక నాణ్యత సంగతి. అన్ని చెడ్డ సినిమాలూ నవ్వుకు పనికిరావు. బద్ధకంతో చెడ్డదైన సినిమా నిద్రకే పనికొస్తుంది. పేదరికంతో చెడ్డదైతే అసలు నవ్వే రాదు. కోదాడ దగ్గరి గుడిబండలో పుట్టిన కాంతారావు గారు జానపద సినిమాల్లో కత్తి పట్టినప్పుడు వెనక గుహ అట్టముక్కని అందరికీ తెలుసు. ఎవరూ నవ్వలేదు. కత్తి పట్టిన మనిషి ఆ గుహను నమ్మాడు, మనం ఆయనను నమ్మాం. నవ్వు ఎక్కడ పుడుతుందంటే, పనితనం గుండుసున్నా అయి, నమ్మకం ఆకాశాన్నంటినప్పుడు.

దీనికి ప్రపంచంలోనే మేలిరకం నమూనా ఒక ఎరువుల వ్యాపారి ఇచ్చాడు. టెక్సస్‌లోని ఎల్ పాసోలో హెరాల్డ్ వారెన్ ఎరువులు అమ్మేవాడు. భయపెట్టే సినిమా తీయడం ఏమంత పెద్ద పనా అని హాలీవుడ్ రచయిత ఒకాయనతో పందెం కాసి, 1966లో దాదాపు 19,000 డాలర్లతో తీసేశాడు. కథ ఆయనదే, దర్శకత్వం ఆయనదే, డబ్బు పోగేసిందీ ఆయనే, ప్రధాన పాత్రా ఆయనే. కెమెరా కీ ఇచ్చి తిప్పేది, 32 సెకన్లకు మించి షాట్ తీయలేదు. సెట్లో మాటలు రికార్డు చేయలేదు గనక తర్వాత నలుగురైదుగురు కూర్చొని ఊళ్లో అందరి గొంతులూ వాళ్లే ఇచ్చేశారు. రాత్రి షూటింగుల్లో లైట్ల చుట్టూ పురుగులు ముసిరితే అవి కూడా సినిమాలో నటించాయి. ఆ సినిమా, 'మానోస్', మరుగున పడిపోయి, 1993లో అంతరిక్ష బందీ ముందుకు వచ్చి అమరత్వం పొందింది. వెక్కిరించకపోయి ఉంటే ఆ ఎరువుల కొట్టాయన పేరు నల్లగొండలో కూర్చొని నేను రాసేవాణ్ణా?

అందుకే కల్తీ మీద నాకు కోపం. "కావాలనే చెత్తగా తీశాం, ట్రోల్ చేసుకోండి" అని పళ్లికిలించే సినిమాలు వస్తున్నాయి. గద్వాల వైపు నకిలీ పత్తి విత్తనాలు అమ్మినవాడి మీద పీడీ యాక్టు పెడతారు. నకిలీ చెడ్డ సినిమా అమ్మినవాణ్ణి మాత్రం ఇంటర్వ్యూకు పిలుస్తారు. రెండింటిలోనూ మొలక రాదు.

అలాగని కొనేవాళ్ల తూకం సరిగ్గా ఉందని కూడా చెప్పలేను. పెద్ద హీరో సినిమాకు ఇంత తేమ ఉన్నా వీడియోలో గొంతు తగ్గుతుంది, కాంట దగ్గర కన్ను కొడతారు. వనపర్తి పిల్లలు నలుగురు అప్పు చేసి తీసిన చిన్న సినిమా వస్తే బస్తాకు ఐదు కిలోల తరుగు తీస్తారు. సీను వదిలేసి హీరోయిన్ రంగు, ఒళ్లు మీద జోకులేసేవాళ్లను మన వెనక వరుస మహానుభావుడు కూడా మెచ్చడు. ఆయన విలన్ తాడు గురించి మాట్లాడేవాడు.

కాబట్టి సోమవారం ప్రజావాణిలో కలెక్టర్ గారికి ఇవ్వడానికి అర్జీ రాసిపెట్టాను. ప్రతి మండలంలో చెడ్డ సినిమా కొనుగోలు కేంద్రం తెరవాలి. తేమ మిషన్ బదులు నిర్మాత ప్రీ రిలీజ్ స్పీచ్ వినిపిస్తే గ్రేడ్ తేలిపోతుంది: "చరిత్ర సృష్టిస్తుంది" అంటే ఏ గ్రేడ్, "ఫ్యామిలీ అంతా కలిసి చూడదగ్గ" అంటే సాధారణ రకం. ప్రతి మల్టీప్లెక్స్‌లో చివరి వరుస రెండు సీట్లు నోరున్నవాళ్లకు రిజర్వు చేయాలి, టికెట్ సగం ధరకే ఇవ్వాలి. ఎవరైనా కోర్టుకు పోతే భయం లేదు, విమర్శ కోసం సినిమాను వాడుకోవడానికి 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో కొంత వెసులుబాటు ఉంది.

చివరగా మిర్యాలగూడ, హాలియా ఎరువుల షాపుల యజమానులకు ప్రత్యేక మనవి. యూరియా లారీ రాని రోజుల్లో ఊరికే కౌంటర్ వెనక కూర్చోకండి. ఒక కథ రాయండి, హీరో వేషం మీరే వేయండి, షాప్ ముందే షూటింగ్ పెట్టండి. జనం లైన్లో ఉండనే ఉంటారు, వాళ్ల నోళ్లు ఖాళీగానే ఉంటాయి, సినిమా నచ్చకపోతే విసరడానికి చెప్పులు కూడా పొద్దున్నుంచే వరుసలో పెట్టి ఉంటాయి.